రంపం పిడి నేర్పిన పాఠం

(ఆత్మకూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం)



రిటైరైన తర్వాత పాత సామాను సర్దుతుంటే మా నాన్నగారి చేతిరంపం బయటపడింది. ఆయన వడ్రంగం చేసి, ఆ రంపంతోనే నన్ను చదివించారు. రేకు బాగానే ఉంది గానీ పిడి రెండుగా చీలిపోయింది. "కొత్తది కొనుక్కో నాన్నా, ప్లాస్టిక్ పిడితో దొరుకుతుంది" అన్నాడు మా అబ్బాయి. నాకు మనసొప్పలేదు.

ఇంట్లో ఉన్న మామిడి చెక్కతో నేనే పిడి చేశాను. మొదటి కోతకే పట్టుకునేచోట ఫట్టున విరిగి, అరచెయ్యి గీరుకుపోయింది. నాన్నగారి పనిని ఇన్నాళ్ళూ ఎంత తేలికగా చూశానో అప్పుడు తెలిసి, ఆ గాయం కంటే అదే ఎక్కువ బాధించింది.

విరిగిన ముక్కలు సంచిలో వేసుకుని ఉదయగిరి బస్సెక్కాను. ఉదయగిరి అంటే 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలిచిన దుర్గమే మనకు గుర్తొస్తుంది. అక్కడి కొయ్య చెంచాలు, గరిటెలు కూడా భౌగోళిక గుర్తింపు పొందినవే. నర్ది కర్రతో చెంచాలు చేస్తున్న ఒక పెద్దావిడకు ముక్కలు చూపించాను.

"అడ్డంగా కోశారు సార్. నార తెగితే కర్రకు బలమెక్కడిది? మా చెంచా కాడైనా అంతే" అన్నదామె. బాగా ఆరిన నర్ది ముక్క ఒకటి ఏరి ఇచ్చి, కర్రకే డబ్బు తీసుకున్నది. సలహాకు తీసుకోలేదు.

ఇంటికొచ్చి పాత పిడి రెండు ముక్కలూ జతచేసి అట్టమీద గీశాను. చెయ్యి పట్టే సన్నని భాగం పొడుగునా నార సాగేట్లు అట్టను కర్రమీద ఉంచి కోశాను. ఈ రంపం ముందుకు తోసేటప్పుడు కోస్తుంది కాబట్టి బరువంతా అక్కడే పడుతుంది. రేకు మందానికి సరిపడా చీలిక కోసి, రేకును అందులో దూర్చి, దాని రంధ్రాల గుర్తులమీదే బరమాతో బోల్టులకు దారి చేశాను. ఆకురాయి, ఉప్పుకాగితం పట్టి, అవిసెనూనె రాశాను. ఆరు రోజులు పట్టింది. పిడి ఇప్పటికీ నిలిచింది.

నాన్నగారు ఉన్నప్పుడు ఆయన పక్కన ఒక్క పూట కూర్చుని ఉంటే ఈ సంగతి అప్పుడే తెలిసేది. నేను కూర్చోలేదు. అందుకే మీకు నా మనవి: మీ చేతికి వచ్చిన పనిని మనవలకు చూపించండి. వాళ్ళు అడిగేదాకా ఆగకండి.