పాలవెల్లి నడిమి కృష్ణబిలము

(నెల్లూరు తీర గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మంచినీరు, పాఠశాలలను గూర్చి చర్చింపవలసిన సభలో ఆకాశమును గూర్చి మాటలాడనేల యని మీలో కొందరికి తోచవచ్చును. కాని శ్రీహరికోట నుండి రాకెట్టు లేచునప్పుడెల్ల కొంతమేర సముద్రములోనికి వేటకు పోరాదని మన జాలరులకు హెచ్చరిక వచ్చుచుండును. "మా వేట నాపి పైకి పంపినది ఏమి కనుగొన్నది?" అని వారడిగినచో తగిన సమాధానము చెప్పవలసిన వారము మనమే. అట్టి సమాధానములలో నొకటి నేడు మనవి చేసెదను.

ఒకవైపు పులికాటు సరస్సు, మరియొక వైపు బంగాళాఖాతము గల ఆ ద్వీపమున పూర్వము యానాదులు నివసించెడివారు. 1971 అక్టోబరు 9వ తేదీన అచ్చటి నుండి మొదటి రాకెట్టు ఎగిరినది. నాడు నెల్లూరు జిల్లాలోని ఆ ప్రదేశము 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. జిల్లా మారినను తీరమొక్కటే గదా!

కృష్ణబిలమనగా నేమి?

మిక్కిలి ద్రవ్యము మిక్కిలి కొద్దిచోట క్రిక్కిరిసినచో దాని ఆకర్షణ నుండి వెలుతురు కూడ తప్పించుకొని రాజాలదు. దానినే కృష్ణబిలమందురు. కొన్ని పెద్ద నక్షత్రములు అవసానమున కృష్ణబిలములగును. ఇవి చిన్నవి. పాలవెల్లి వంటి నక్షత్రమండలముల నడుమ నుండునవి మహాకృష్ణబిలములు. మన పాలవెల్లి నడుమ నున్నదాని బరువు సుమారు 40 లక్షల సూర్యులకు సమానము. అది మనకు దాదాపు 26,000 కాంతి సంవత్సరముల దూరమున గలదు. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోవు వెలుతురే అచ్చటి నుండి బయలుదేరి మనలను చేరుటకు అన్ని యేండ్లు పట్టును.

కానరానిది ఉన్నదని ఎట్లు తెలిసినది? చీకటిలో కళ్లము నూర్చుచున్నారనుకొనుడు. నడిమి గుంజ మీకు కనబడదు. అయినను ఎద్దులు ఒకే చోటి చుట్టు తిరుగుచుండుట చూచి గుంజ యెక్కడ నున్నదో చెప్పగలరు. అట్లే పాలవెల్లి నడుమ ఒక నక్షత్రము 16 ఏండ్లకొకసారి కానరాని యొక వస్తువును చుట్టి వచ్చుచున్నది. రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్ అను శాస్త్రజ్ఞుల బృందములు ఇట్టి నక్షత్రముల నడకను ఏండ్ల తరబడి గమనించి ఆ వస్తువు బరువును తేల్చినవి. అందులకు వారిరువురును 2020 నోబెల్ బహుమతిలో భాగస్వాములైరి. దాని ఛాయాచిత్రము 2022 మే 12వ తేదీన వెలువడినది.

మండలమున దాని పాత్ర

చెరువు ఎంత విశాలమైనను దాని తూము చిన్నదే. కాని ఆయకట్టు పండుట, ఎండుట ఆ తూముపై ఆధారపడి యుండును. మహాకృష్ణబిలము పని కూడ కొంత ఇట్టిదే. దానివైపు జారు వాయువు సుడి తిరుగుచు, రాపిడికి కాగి, మిక్కుటముగా వెలుగును. ఆ వేడిమియు, అచ్చటి నుండి వెలువడు ప్రచండ ప్రవాహములును చుట్టునున్న వాయువును కాచి చెదరగొట్టును. వాయువు చల్లబడి ముద్దకట్టిన గాని క్రొత్త నక్షత్రములు పుట్టవు. కావున నడిమి బిలము విజృంభించినచో మండలమున నక్షత్రముల పంట తగ్గును. ఏది ముందు పెరిగినది, బిలమా మండలమా, అను విచారణ నేటికిని సాగుచున్నది.

మన తీరము చేసిన సాయము

ఆ వేడి వాయువు వెలువరించు ఎక్సు కిరణములను భూమిపై గాలిపొర అడ్డగించును. అందుచే పరికరములను ఆ పొరకు పైన నిలుపవలెను. 2015 సెప్టెంబరు 28వ తేదీన శ్రీహరికోట నుండి లేచిన ఆస్ట్రోశాట్ సుమారు 650 కిలోమీటర్ల ఎత్తున నిలిచినది. అయిదేండ్లకని ఉద్దేశించిన ఆ ఉపగ్రహము గడువు దాటియు పనిచేసినది.

2019లో సుమారు 21 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున ఒక కృష్ణబిలము ఒక నక్షత్రమును చీల్చివైచినది. ఆ శకలములు బిలము చుట్టు పళ్లెము వలె పరచుకొన్నవి. కొన్నియేండ్లకు అచ్చట దాదాపు 48 గంటలకొకసారి ఎక్సు కిరణములు పెల్లుబుకుట కనబడినది. మరియొక నక్షత్రమో, చిన్న కృష్ణబిలమో ఆ పళ్లెమును మాటిమాటికి ఛేదించుకొని పోవుచున్నదని 2024లో శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అమెరికా దుర్భిణులతో పాటు మన ఆస్ట్రోశాట్ కూడ అందుకు సాక్ష్యమిచ్చినది. 2024 జనవరి 1వ తేదీన ఇట్టి పరిశోధనకే ఎక్స్‌పోశాట్ ఇచ్చటి నుండి వెడలినది.

భయము వలదు

ఈ బిలము మనలను మ్రింగునా యని కొందరు పిల్లలు బెదరుచుందురు. కృష్ణబిలము దూరమున నున్నవానిని వలవేసి లాగునది కాదు. సూర్యుని స్థానమున అంతే బరువుగల కృష్ణబిలమును ఉంచినను భూమి తన కక్ష్యలోనే తిరుగును. చీకటియు చలియు కలుగునే గాని భూమి అందు పడదు. ఈ సంగతి తెలియని చోటనే పుకారులు పుట్టును.

కావున మీకు రెండు మనవులు. ఆగస్టు నెలలో వెన్నెల లేని రాత్రి, ఎనిమిది గంటల వేళ, పాఠశాల చెంత వీధి దీపములను అరగంట ఆర్పించి పిల్లలకు దక్షిణాకాశమును చూపుడు. మూలా నక్షత్రమునకు చేరువను, పాలవెల్లి దట్టముగా తోచుచోట ఈ కృష్ణబిలము గలదు. ఆ చుక్కలను జాలరులు బాగుగా ఎరుగుదురు. వారినే పిలిచి చెప్పింపుడు. రెండవది, శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగములను ప్రజలు చూచుటకు 2019లో ఏర్పరచిన ప్రాంగణమునకు ముందుగా పేర్లు నమోదు చేయించి, వేట మానిన జాలరుల బిడ్డలను మొదట తీసికొని పొండు. తమ తండ్రులు ఒడ్డున నిలిచిన దినమున ఏమి జరిగినదో వారు కన్నులార చూతురుగాక.