చెల్క నేలా, చిటికెడు జింకూ

ముక్కుసూటి కవి కాళోజీ పెరిగిన మడికొండలో సభ పెట్టుకుని మొహమాటపు మాటలు చెప్పడం కుదరదు. మొక్కకు కావలసిన పదిహేడు మూలకాల జాబితా ఈ సభకొచ్చిన ప్రతినిధులెవరికీ కొత్త కాదు. మొక్కకు ఏది అత్యవసరమో తేల్చే కొలబద్దలు 1939లో ఆర్నన్, స్టౌట్ ఇచ్చారు. 1987లో నికెల్ కూడా పంక్తిలో కూర్చుంది. కర్బనం, ఉదజని, ప్రాణవాయువు గాలీ నీరూ ఇస్తాయి. మిగతా పద్నాలుగూ నేల పెట్టాలి. తగువంతా ఇక్కడే: నేలలో ఉండటం వేరు, వేరుకు అందడం వేరు.

ఓరుగల్లు చుట్టుపక్కల నాటు పడ్డ రెండు మూడు వారాలకు వరి ఆకు మీద తుప్పురంగు మచ్చలు కనబడితే చాలాచోట్ల ఇంకో బస్తా యూరియా పడుతుంది. యూరియాలో 46 శాతం నత్రజని ఉంది, జింకు లేదు. ఆ మచ్చలకు కారణం జింకు లోపమని 1966లోనే పంత్‌నగర్ నుంచి శాస్త్రవేత్త వై.ఎల్. నేనే చెప్పారు. నీరు నిలిచిన మడిలో గాలి ఆడక జింకు కరగని రూపంలోకి పోతుంది. ఏటేటా వేసిన డీఏపీలోని భాస్వరం దాన్ని ఇంకా బిగిస్తుంది. చేయాల్సిందేమో చిన్న పని: మూడు పంటలకొకసారి, ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు. దాన్ని డీఏపీతో కలిపి చల్లమనే దుకాణపు సలహా మాత్రం వినకూడదు.

ఈ సభాధ్యక్షుడికి జింకు పిచ్చి అని కొందరు మిత్రులంటారు. పిచ్చే. నేలనంతా ఎన్.పి.కె. అనే మూడక్షరాల్లో కుక్కినవారి ఆరోగ్యం గురించి మాత్రం ఎవరూ అడగరు!

పెంట ఎరువే అన్నీ చూసుకుంటుందనే శిబిరం మరొకటి. సేంద్రియ కర్బనం లేని చెల్క, అంటే ఈ ఎర్ర ఇసుక నేల, జల్లెడే, ఒప్పుకోవాల్సిందే. కాడెద్దుల స్థానంలో ట్రాక్టరొచ్చాక ఆ పెంటకుప్పలు ఎక్కువగా ఉపన్యాసాల్లోనే కనబడుతున్నాయి.

వేరుశనగ ఇంకా తమాషా. కాయకు కావలసిన కాల్షియం వేరు నుంచి ఎక్కి రాదు. మట్టిలోకి దిగిన ఊడా, ఊరుతున్న కాయా స్వయంగా పీల్చుకోవాలి. ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమనేది అందుకే.

2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీసినప్పుడు ఒండ్రు ట్రాక్టర్లెక్కి చెల్కలకు చేరింది. అందులోని బంకమన్ను నీటినీ పొటాషునూ పట్టి ఉంచుతుంది. ఎన్నేళ్లు, ఎంతమేరకు అన్నది ఒక్క పంటకాలపు కొలతతో తేలదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో ఒకే పొలాన్ని 1843 నుంచి కొలుస్తున్నారు. జగిత్యాల బంకనేలలో 2000 నుంచి దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం నడుస్తోంది, కానీ ఆ నేల చెప్పేది ఇక్కడి ఎర్ర చెల్కకు అతకదు.

చెల్కలోనే అలాంటి మడులు కావాలి: జింకు వేసినదొకటి, వేయనిదొకటి, ఒండ్రు పోసినది ఇంకొకటి. ఒక్క ఉద్యోగకాలంలో ముగిసే పని కాదు గనుక ఈ సభ చేసే తీర్మానం మీద మొదటి సంతకాలు పెద్దలవి వద్దు, కొత్తగా కొలువులో చేరినవారివి ఉండాలి.