కొత్త వెర్షన్‌ను జనంలోకి ఎలా పంపాలి?



కిందటి పాఠంలో సాఫ్ట్‌వేర్ పైప్‌లైన్ గురించి తెలుసుకున్నాం. ప్రోగ్రామర్ కోడ్ రాసి అప్పగించిన తరువాత దాన్ని కంపైల్ చేయడం, పరీక్షించడం, సర్వర్లకు చేర్చడం అన్నీ వరుసగా వాటంతట అవే జరిగిపోయే ఏర్పాటు అది. ఈ రోజు అందులోని చివరి మెట్టును పరిశీలిద్దాం. పరీక్షలన్నీ నెగ్గిన కొత్త వెర్షన్‌ను జనం వాడుతున్న సర్వర్లలోకి ఏ పద్ధతిలో పంపాలి? ఈ నిర్ణయాన్నే డిప్లాయ్‌మెంట్ వ్యూహం అంటారు.

పరీక్షలు నెగ్గాక మళ్లీ వ్యూహం ఎందుకని మీకు సందేహం రావచ్చు. దానికి సమాధానంగా ఒక సంఘటన చెబుతాను.

అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ ఉండేది. 2012 జూలై చివరిలో ఆ సంస్థ తన 8 సర్వర్లలో కొత్త కోడ్ పెట్టాల్సి వచ్చింది. 7 సర్వర్లలో పెట్టారు. ఎనిమిదోది మిగిలిపోయింది. సరిచూసే రెండో మనిషి లేరు. ఏళ్ల తరబడి వాడని పాత కోడ్ ఒకటి ఆ సర్వర్లలో అలాగే ఉంది. పైగా ఒకప్పుడు ఆ పాత కోడ్‌ను నడిపించిన గుర్తునే ఇప్పుడు కొత్త కోడ్‌కూ వాడారు. ఆగస్టు 1 ఉదయం మార్కెట్ తెరవగానే ఎనిమిదో సర్వర్‌లో పాత కోడ్ నడవడం మొదలైంది. 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగాయి. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. మధ్యలో కంగారుపడి, సరిగ్గా ఉన్న 7 సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను తీసివేశారు. దాంతో వాటిలోనూ పాత కోడే పనిచేసి, నష్టం ఇంకా పెరిగింది.

దీన్నిబట్టి మనం రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది: కొత్త వెర్షన్‌లో తప్పు ఉంటే అది ఎంతమందిని తాకుతుంది? రెండవది: వెనక్కి రావడం ఎంత త్వరగా, ఎంత క్షేమంగా సాధ్యం? ఏ పద్ధతినైనా ఈ రెండు ప్రశ్నలతోనే తూచాలి.

ఇప్పుడు ముఖ్యమైన నాలుగు పద్ధతులు చూద్దాం.

ఒకటి, ఆపి మార్చడం. పాతదాన్ని ఆపివేసి కొత్తదాన్ని మొదలుపెడతారు. మధ్యలో కొంతసేపు సేవ ఉండదు. మీ కాలేజీ గ్రంథాలయం ప్రోగ్రామును రాత్రిపూట ఇలా మార్చితే ఎవరికీ ఇబ్బంది లేదు. అదే రైల్వే తత్కాల్ బుకింగ్‌ను ఉదయం 10 గంటలకు ఆపగలమా?

రెండు, రోలింగ్ పద్ధతి. సర్వర్లను కొన్ని కొన్నిగా మారుస్తూ పోతారు. కుబర్నెటీస్‌లో మనం వేరే చెప్పకపోతే జరిగేది ఇదే. సేవ ఆగదు, అదనపు ఖర్చు తక్కువ. కాని కొంతసేపు పాత, కొత్త వెర్షన్లు పక్కపక్కనే నడుస్తాయి. రెండూ ఒకదానితో ఒకటి సర్దుకుపోయేలా రాయకపోతే నైట్ క్యాపిటల్ కథే పునరావృతమవుతుంది.

మూడు, బ్లూ-గ్రీన్ పద్ధతి. ఒకే రకమైన రెండు ఏర్పాట్లు ఉంచుతారు. జనం ఒకదానిలో ఉండగా రెండోదానిలో కొత్త వెర్షన్ పెట్టి సరిచూస్తారు. తరువాత రాకపోకలన్నీ అటు మళ్లిస్తారు. తప్పు కనబడితే క్షణాల్లో వెనక్కి మళ్లించవచ్చు. యంత్రాల ఖర్చు మాత్రం రెట్టింపు.

నాలుగు, కేనరీ పద్ధతి. పూర్వం బొగ్గు గనుల్లోకి కేనరీ పిట్టను తీసుకుపోయేవారు. విషవాయువుకు అది ముందుగా సొమ్మసిల్లితే, కార్మికులు బయటపడేవారు. అలాగే ముందు నూటికి ఒక్కరికి మాత్రమే కొత్త వెర్షన్ ఇచ్చి, తప్పులను లెక్కిస్తారు. గంటకు 10 లక్షల విన్నపాలు వచ్చే చోట ఒక శాతం అంటే 10,000. వందకు ఒకసారి వచ్చే తప్పు అక్కడ సుమారు 100 సార్లు కనబడుతుంది. గంటకు 200 మాత్రమే వచ్చే చోట ఒక శాతం అంటే రెండే. వాటిని చూసి ఏమీ తేల్చలేం. కాబట్టి చిన్న సేవలకు ఇది అంతగా పనికిరాదు.

ఇక్కడ డేటాబేస్ సంగతి మరువకూడదు. కోడ్‌ను వెనక్కి తీసుకోగలం గాని, జనం అప్పటికే నమోదు చేసిన సమాచారాన్ని చెరపలేం. అందుకే ముందు కొత్త కాలమ్ చేర్చాలి. పాత కోడ్ అవసరం పూర్తిగా తీరాకే పాత కాలమ్ తొలగించాలి.

వెనక్కి తీసుకోవడం ఒక్కటే చాలదని 2024 జూలై 19 మనకు నేర్పింది. ఆ రోజు క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆ సంస్థ 78 నిమిషాల్లో ఫైలును వెనక్కి తీసుకుంది. అయినా అప్పటికే పడిపోయిన ఎన్నో యంత్రాల దగ్గరకు మనుషులే వెళ్లి సరిచేయవలసి వచ్చింది. విడతలుగా పంపి ఉంటే మొదటి విడతలోనే లోపం బయటపడేది. ఆ తరువాత ఆ సంస్థ కూడా విడతల పద్ధతినే చేపట్టింది.

కనుక అన్నిటికంటే గొప్ప పద్ధతి ఏది అని అడగకండి. తప్పు జరిగితే బాధపడేది ఎవరు, ఎంతమంది అని అడగండి. జవాబు చిన్నదైతే సులువైన పద్ధతి చాలు. పెద్దదైతే ఖర్చుకు వెనుకాడకూడదు.

చివరగా మీకొక అభ్యాసం. పరీక్షా ఫలితాలు ప్రకటించే వెబ్‌సైటు మీ చేతిలో ఉందనుకోండి. ఫలితాలు రేపు ఉదయం. కొత్త వెర్షన్‌ను ఈ రాత్రి పంపుతారా? పంపితే ఏ పద్ధతిలో? రెండు ప్రశ్నలూ వేసుకుని, మీ జవాబును కారణాలతో రాయండి.