కథలో మనిషి మనకెందుకు నచ్చుతాడు?

 

మేము చదివింది ఎనిమిదో తరగతి. మమ్మల్ని మైకు ముందు నిలబెడితే పట్టు ధర, జరీ ధర, రావలసిన రిబేటు, ఇవే మాట్లాడతామని మీకు తెలుసు. ఈసారి సమాఖ్య వారు వేరే పని చెప్పినారు. మన పిల్లలు నాటికలు రాస్తున్నారు, ఫోన్లోనే చిన్న సినిమాలు తీస్తున్నారు, కథలో మనిషి జనానికి ఎట్లా నచ్చుతాడో నాలుగు మాటలు చెప్పండి అన్నారు. మేము రచయితలం కాదు. కానీ చూసినవాళ్ళం. టెంటు కొట్టాయిలో ఇసుక మీద కూర్చుని చూసినాము, ఇప్పుడు మనవడి ఫోన్లోనూ చూస్తున్నాము. చూసినవాడికి కూడా ఒక లెక్క ఉంటుంది కదా, ఆ లెక్కే చెబుతాము.

మొదట మా ఊరి కథే తీసుకుంటాము. 2008లో ప్రియదర్శన్ గారు "కాంచీవరం" అని తమిళంలో ఒక సినిమా తీసినారు. ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, ప్రకాశ్ రాజ్ గారికి ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. అందులో వేంకడం అని ఒక పట్టు నేతగాడు. కూతురు పుట్టినప్పుడు, నీ పెండ్లికి పట్టు చీర కట్టించి పంపుతానని మాట ఇస్తాడు. ఎన్నో పట్టు చీరలు నేసే చేతులు అవి, కానీ ఒక్క చీర కొనే స్తోమత లేదు. అందుకని పని చేసే చోటు నుంచి రోజూ కొంచెం కొంచెం పట్టు దారం నోట్లో పెట్టుకుని ఇంటికి తెచ్చి, రాత్రిపూట దొంగచాటుగా నేస్తాడు.

ఇక్కడ ఒక మాట. మేము సంఘంలో పట్టు తూచి ఇచ్చేవాళ్ళం, చీర వచ్చినాక మళ్ళీ తూచేవాళ్ళం. తూకం తగ్గితే అడిగేది మేమే. నాలుగు గ్రాములు తేడా వచ్చినా రాత్రి నిద్ర పట్టదు, ఎందుకంటే అది సభ్యులందరి సొత్తు. అట్లాంటి మేము, దారం దొంగిలించేవాడి కథ చూసి, వాడు దొరక్కూడదే అని చేతులు నలుపుకున్నాము. అదేమి వింత! వాడు దొంగ అని మాకు తెలియదా? తెలుసు. అయినా మా మనసు వాడి వైపే పోయింది.

ఎందుకు పోయింది అని తర్వాత మా సంఘంలో నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాము. తేలింది ఇది. వాడికి ఏమి కావాలో మనకు ముందే తెలుసు. ఆ కోరిక పెద్ద మేడ కాదు, కారు కాదు, బిడ్డకు ఒక్క చీర. ఆ కోరిక మన ఇంట్లోనూ ఉంది. ఇంకొకటి, వాడు దొంగిలించింది అమ్ముకోవడానికి కాదు, తన చేతి పనిలోనే పెట్టినాడు. మూడోది, తన తప్పుకు తానే మూల్యం కట్టినాడు. నేతగాళ్ళు సమ్మె చేసినప్పుడు ముందు నిలబడినవాడే, బిడ్డ పెండ్లి కుదిరేసరికి చీర పూర్తి కావాలని సమ్మె విడిపిస్తాడు. తోటివాళ్ళకు అది ద్రోహమే. కథ చెప్పినవాళ్ళు దాన్ని దాచలేదు, మంచి మాటలతో కప్పలేదు. చివరకు దొరుకుతాడు, జైలుకు పోతాడు, బిడ్డనూ దక్కించుకోలేకపోతాడు. సగం నేసిన ఆ పట్టు గుడ్డ కప్పితే ముఖానికి చాలదు, కాళ్ళకు చాలదు. ఆ చోట మా ఆడవాళ్ళు ఎవరూ తెర వైపు చూడలేకపోయినారు.

దీన్నిబట్టి మాకు అర్థమైనది, కథలో మనిషి నచ్చాలంటే మంచివాడై ఉండాలని లేదు. వాడు ఎందుకు చేస్తున్నాడో మనకు తెలియాలి, చేసినదానికి ఫలితం వాడి మీద కూడా పడాలి.

ఇక నవ్వుకునే కథకు వస్తాము. "మాయాబజార్" చూడని తెలుగు ఇల్లు ఉందా? 1957లో మద్రాసులో తీసినారు, తెలుగులోనూ తమిళంలోనూ. మా వీధిలో తమిళం మాట్లాడే ఇండ్లు, తెలుగు మాట్లాడే ఇండ్లు రెండూ దాన్ని మా సినిమా అంటాయి. ఆ శశిరేఖ కథ వ్యాసుల వారి భారతంలో లేదు, మనవాళ్ళు చెప్పుకున్న కథ. అందులో ఘటోత్కచుడు రాక్షసుడు. ఎస్.వి. రంగారావు గారు వేసినారు. గద ఎత్తితే కొండ కదులుతుంది. అంత బలం ఉన్నవాడు తల్లి మాటకు తల వంచుతాడు, తమ్ముడి పెండ్లి కోసం ఆడపిల్ల వేషం కట్టడానికి సిద్ధపడతాడు, వివాహ భోజనం చూస్తే చిన్నపిల్లాడైపోతాడు. బలవంతుడికి ఒక బలహీనత, ఒక ప్రేమ, ఒక ఆకలి పెట్టినారు. పిల్లలు వాడికి భయపడరు, వాడి పక్కన కూర్చోవాలనుకుంటారు.

"కన్యాశుల్కం" గురించి కూడా ఒక మాట. గురజాడ అప్పారావు గారి నాటకం, 1892లో విజయనగరంలో మొదట ఆడినారు. గిరీశం మోసగాడు. వాడి మాట విన్నవాళ్ళందరూ మునిగినారు. అయినా వాడు రంగం మీదికి రాగానే మనం సర్దుకుని కూర్చుంటాము. వాడి నోట్లో మాట తేలిక, వాడి అబద్ధం మనకు కనబడుతుంది, పక్కవాడికి కనబడదు. ఆ సంగతిలోనే మనకు నవ్వు. అయితే ఆ నాటకంలో మనసుకు పట్టేది మాత్రం మధురవాణి. లోకం చులకన చేసిన మనిషి, అందరికంటే తెలివైనది, పక్కవాళ్ళ కష్టానికి కరిగేది ఆమే. లోకం ఒక మనిషికి తక్కువ వెల కట్టి, ఆ మనిషి నడత ఎక్కువ తూగితే, చూసేవాళ్ళు ఆ మనిషి పక్షమే నిలబడతారు. తూకం తెలిసిన వాళ్ళం కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలము.

ఇప్పుడు మన విషయానికి వస్తాము. పోయిన ఏండ్లలో మన పిల్లలు రాసిన నాటికలు మేము చాలా చూసినాము. ప్రతిదానిలోనూ నేతగాడు చిరిగిన బనియను వేసుకుని దగ్గుతూ వస్తాడు. అప్పులవాడు వస్తాడు. ఇల్లాలు ఏడుస్తుంది. తెర పడుతుంది. చూసినవాళ్ళు "అయ్యో పాపం" అంటారు, బయట టీ తాగి మరిచిపోతారు. కష్టం అబద్ధమని మేము అనడం లేదు. ఆ కష్టం మా లెక్కల పుస్తకాల్లో ఉంది, ఆత్మహత్యలు చేసుకున్న ఇండ్లకు మేము పోయి కూర్చున్నాము. కానీ జాలి వేరు, నచ్చడం వేరు. జాలిపడినవాడు చేతిలో పది రూపాయలు పెట్టి పోతాడు. నచ్చినవాడు నీ పేరు అడుగుతాడు, నీ పని చూపించమంటాడు, మళ్ళీ వస్తాడు.

2019లో వచ్చిన "మల్లేశం" సినిమా చూడండి. అది కల్పన కాదు, ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం గారి జీవితమే. ఆసు పోసి పోసి తల్లికి భుజం నొప్పి. ఒక చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి, ఆ పని మన ఆడవాళ్ళకు చెప్పనక్కర లేదు. దానికి యంత్రం కట్టాలని ఆ అబ్బాయి పూనుకుంటాడు. చేసింది చెడిపోతుంది, ఊరు నవ్వుతుంది, అప్పు పెరుగుతుంది, మళ్ళీ మొదలుపెడతాడు. ఆ యంత్రానికి తల్లి లక్ష్మి పేరే పెట్టినారు. 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. అక్కడ కూడా పేదరికం ఉంది, కన్నీళ్ళు ఉన్నాయి. అయితే మన కన్ను ఆ కన్నీళ్ళ దగ్గర ఆగదు, అతని చేతుల వెంట పోతుంది. ఏదో ఒకటి చేస్తూ ఉండేవాణ్ణి మనిషి వదలలేడు.

కాబట్టి పిల్లలూ, మీకు మా మనవి. నాటికలో నేతగాణ్ణి పెడితే మొదట వాడికి ఒక కోరిక పెట్టండి, చిన్నదైనా సరే. వాడి పని చూపించండి. మా కంచిలో కొర్వై అంచు నేసేటప్పుడు ఇద్దరు కూర్చుని మూడు నాడెలు ఆడిస్తారు, అంచు రంగు ఒళ్ళు రంగును పళ్ళు పళ్ళుగా పట్టుకుంటుంది. అది రంగం మీద ఒక్క నిమిషం చూపిస్తే చాలు, ఈ మనిషి సామాన్యుడు కాడని జనానికి తెలుస్తుంది. వాణ్ణి నవ్వించండి. మగ్గం గుంటలో కూర్చుని మన పెద్దలు చెప్పుకునే హాస్యాలు ఎన్ని లేవు! వాడికి ఒక తప్పు కూడా ఉండనివ్వండి, కోపమో, పంతమో, బీడీయో. తప్పు లేని మనిషిని దండం పెట్టి గోడకు తగిలిస్తాము, పక్కన కూర్చోబెట్టుకోము. ఇల్లాలిని ఏడుపుకే పిలవకండి. కండెలు చుట్టేది ఆమె, లెక్క చూసేది ఆమె, మాట పదునూ ఆమెదే.

ఇదంతా నాటకం కోసం మాత్రమే చెప్పడం లేదు. మగ్గం మీద కూర్చునే పిల్లవాడికి పిల్లనివ్వము అనే మాట ఈ రోజు ప్రతి ఊళ్ళో వినిపిస్తున్నది. కూలి చాలకపోవడం దానికి పెద్ద కారణం, దాని కోసం సంఘాలు పోరాడుతూనే ఉండాలి. దానితో పాటు, మన పిల్లలు తెర మీద చూసే నేతగాడు ఎప్పుడూ ఓడిపోయేవాడే అయితే, ఇంట్లో తండ్రిని కూడా ఆ కన్నుతోనే చూస్తారు. వచ్చే ఏడు సభలో ఒక్క నాటికలోనైనా, తెర పడినాక ఒక పిల్లవాడు తండ్రి వైపు తిరిగి "నాయనా, ఆ అంచు నీకు వచ్చునా?" అని అడగాలి. అడిగితే చాలు, తండ్రి చూపిస్తాడు.