కంప్యూటరు చిట్టాలో ఎఱ్ఱ గుర్తులు



బాకీల చిట్టాలను నేడు పెక్కుచోట్ల కంప్యూటరులో ఎక్సెల్ పట్టికలయందు వ్రాయుచున్నారు. బాకీ నిలిచినవాని వరుస దానంతటదే ఎఱ్ఱబడునట్లు అందులో నియమము పెట్టవచ్చును. దీనికి కండిషనల్ ఫార్మాటింగ్ అని పేరు; ఎక్సెల్ 97తో నిది వాడుకలోనికి వచ్చినది. ఆ నియమమును ప్రతినెల చేతితో పెట్టు శ్రమ లేకుండ ముందుగా వ్రాసియుంచు ఆజ్ఞలను మాక్రో అందురు.

మాక్రో దారితప్పెనా, బాకీ తీర్చినవాని పేరు ఎఱ్ఱబడును. తీర్చనివాని పేరు తెల్లగనే యుండును. ఆ జాబితా గోడకెక్కినచో నొక మర్యాదస్థుని పరువేమగును? కావున నీ తప్పులు పుట్టు విధమును మనవి చేసెదను.

నేను చూచిన యొక సంఘపు చిట్టాలో రెండవ అడ్డువరుస మొదలుకొని పేర్లుండెను. బాకీ సొమ్ము 'సి' నిలువువరుసలో నుండెను. మాక్రోలోని నియమము "$సి2 సున్నకు మించినచో ఎఱుపు" అని. డాలరు గుర్తు నిలువువరుసను కదలనీయదు. 2 అను అంకెకు మాత్రము అట్టి కట్టు లేదు. మాక్రో నడుచునప్పుడు గుమాస్తా ఎంచుకొనియున్న గడి ఐదవ వరుసలోనిది. ఎక్సెల్ ఆ గడినుండియే కొలిచి, "మూడు వరుసలు పైనున్న బాకీని చూడుము" అని గ్రహించినది. అందుచే రెండవ వరుసవాని బాకీకి ఐదవ వరుసవాడు ఎఱ్ఱబడెను! నియమము చేర్చుటకు ముందు ఆ పట్టికను తెరచి, రెండవ వరుసలోని మొదటి గడిని ఎంచుకొను ఆజ్ఞను మాక్రోలో వ్రాయగా దోషము తీరినది.

రెండవ దోషము అంకెవలె కనబడు అక్షరము. ఎక్సెల్ పోలికలో అక్షరము ఏ సంఖ్యకంటెనైనను పెద్దది. సున్న అక్షరరూపమున నున్నచో బాకీ లేనివాడును ఎఱ్ఱబడును. అట్టి గడులను ముందుగా సంఖ్యలుగా మార్చవలెను.

మూడవది, పాత నియమములను తొలగింపక క్రొత్తవి చేర్చుట. నెలనెలకు నవి పేరుకొని ఒకదానితో నొకటి పెనగులాడును. తొలగించు ఆజ్ఞ మొదట నుండవలెను.

పట్టికకు రక్షణ తాళము వేసియున్నచో మాక్రో 1004 అను సంఖ్యతో తప్పును చూపి ఆగిపోవును. అది మేలు, మనకు తెలియును. పైన చెప్పిన మూడును మాటాడక చెడగొట్టునవి. మాక్రో చేసిన మార్పును సాధారణముగా వెనుకకు త్రిప్పరాదు గనుక, చిట్టాకు నకలు తీసి, ఆ నకలుపైననే పరీక్షింపవలెను. ఎఫ్8 మీటను నొక్కుచు ఒక్కొక్క ఆజ్ఞనే నడిపి చూడవచ్చును.

మీరు కంప్యూటరును ముట్టనక్కఱలేదు. జాబితా గోడకెక్కక మునుపు మొదటి పేరు, నడిమి పేరు, చివరి పేరు తీసికొని, రసీదు పుస్తకముతో సరిచూపుమని గుమాస్తాను అడుగుడు. బాకీ తీర్చినవాడొకడు, తీర్చనివాడొకడు ఆ మూటిలో నుండునట్లు చూచుకొనుడు. రంగు సాక్ష్యము కాదు, రసీదే సాక్ష్యము.