హక్కు ఉంటే చాలదు, అడగడం రావాలి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం జమాఖర్చులూ, స్కాలర్‌షిప్పుల వివరాలూ కార్యదర్శిగారు ఇదివరకే చదివి వినిపించారు. వాటినే మళ్ళీ చెప్పి మీ కాలం వృథా చెయ్యం. సంఘం తరఫున మేము మనవి చేయదలచుకున్నది ఒక్కటే విషయం. పనిచేసే చోట మనవాళ్ళకు జరిగే అన్యాయం, దానికి మనం చేయగలిగిన పని.

ఉద్యోగాల కోసం తిరిగే మన పిల్లలు సంఘం ఆఫీసుకు వచ్చి చెప్పే మాట ఒకటున్నది. ఫోనులో "రేపే రండి" అంటారట. పేరు చెప్పగానే "ఖాళీ నిండిపోయింది" అంటారట. ఆడపిల్లలనైతే తలమీద గుడ్డ తీసేస్తేనే పని అంటారట. ఇదంతా మన అనుమానమేనని కొట్టిపారేసే పెద్దమనుషులున్నారు. వారికి జవాబుగా 2007లో అచ్చయిన ఒక పరిశోధన ఉన్నది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే ఇద్దరు ఆచార్యులు, పత్రికలలో పడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమానమైన అర్హతలతో దరఖాస్తులు పంపించారు. మార్చినదల్లా పేరు. అగ్రవర్ణ హిందువు పేరుకు పిలుపు వచ్చే అవకాశంతో పోల్చితే దళితుని పేరుకు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు మాత్రమే అవకాశం ఉన్నట్లు తేలింది. గనుక ఈ బాధ మన ఒక్కరిదే కాదు. దళిత సోదరులదీ ఇదే బాధ. ఆ సంగతి మరిచిపోకూడదు.

ప్రభుత్వ ఉద్యోగాల సంగతి 2006లో సచార్ కమిటీ నివేదిక బయటపెట్టింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు నూటికి 13.4 మంది. ఆ నివేదిక నాటికి ఐ.ఎ.ఎస్.లో నూటికి 3, ఐ.పి.ఎస్.లో 4, రైల్వేలలో 4.5. ఆ రైల్వేవారిలోనూ దాదాపు అందరూ కింది స్థాయి ఉద్యోగులే. అయితే ఈ లోటంతా వివక్ష వల్లనే అనడం న్యాయం కాదు. పదో తరగతి దాటకుండానే పిల్లవాణ్ణి మెకానిక్ షెడ్డుకు పంపినప్పుడు, రేపటి దరఖాస్తును మనమే చింపివేస్తున్నాము.

చట్టం ఏమంటుంది? రాజ్యాంగంలోని 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానమే అన్నది. 16వ అధికరణం ప్రభుత్వ కొలువులలో మతం, కులం, లింగం, పుట్టిన చోటు చూసి వివక్ష చూపరాదన్నది. కాని ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ 16వ అధికరణం ప్రభుత్వానికి వర్తిస్తుందేగాని ప్రైవేటు యజమానికి కాదు. మతం చూసి పని ఇవ్వని ప్రైవేటు యజమానిని నేరుగా నిలదీసే సమగ్ర చట్టం మనకు ఇంకా లేదు. అటువంటి చట్టం కావాలని మన ప్రతినిధులను అడగడం మన పని. ఓటు అడగడానికి ఇంటికి వచ్చిన రోజునే అడగాలి, ఆ తరువాత ఎక్కడ దొరుకుతారు?

ఇక పనిలో చేరిన తరువాతి హక్కులకు మతంతో నిమిత్తం లేదు. సాధారణంగా 20 మంది పనిచేసే సంస్థలో పి.ఎఫ్., 10 మంది ఉన్నచోట ఇ.ఎస్.ఐ. వర్తిస్తాయి. జీతం చీటీ, నియామక పత్రం అడిగి తీసుకోవాలి. అవమానం జరిగితే ఆ రోజే తేదీ, వేళ, అన్న మాట, విన్నవారి పేరు కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆరు నెలల తరువాత ఏడుస్తూ చెప్పే మాట కంటే ఆనాడు రాసిన నాలుగు పంక్తులకు బలమెక్కువ. కార్మిక సంఘంలో సభ్యత్వం తీసుకోవాలి. ఒంటరివాడి మాట ఎవరు వింటారు?

ప్రభుత్వ ఉద్యోగపు ఎంపికలో అనుమానం వస్తే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. కేంద్ర కార్యాలయాలకు రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. నీకు వచ్చిన మార్కులెన్ని, ఎక్కడ కోత పడింది, రోస్టరు ఎలా నడిచిందని అడగవచ్చు. 30 రోజులలో జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు చేయవచ్చు. మతపరమైన వివక్ష జరిగితే మైనారిటీ కమిషన్‌కు రాసుకోవచ్చు.

రిజర్వేషను సంగతి కూడా చాలామందికి సరిగా తెలియదు. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007లో బి.సి.-ఇ కింద 4 శాతం ఇచ్చారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేయగా, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. దూదేకుల, నూర్‌బాషా సోదరులు బి.సి.-బి కిందికి వస్తారు. దరఖాస్తు గడువు రేపనగా ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసుకు పరుగెత్తితే తప్పెవరిది? ముందే తెచ్చి పెట్టుకోవాలి. 18 ఏళ్ళు నిండగానే ఫారం 6 నింపి ఓటర్ల జాబితాలో పేరు చేర్పించాలి, ఏటా ఒకసారి చూసుకోవాలి.

చివరగా మన ఇంటి మాట. న్యాయం కోసం నిలబడండి, అది మీకూ మీ తల్లిదండ్రులకూ వ్యతిరేకమైనా సరే అని సూరా నిసా బోధిస్తున్నది. మన దుకాణాలలో పనిచేసే ఆడమనిషికి మగవాడితో సమానంగా కూలి ఇస్తున్నామా? పనిపిల్లవాడికి నెల తిరగగానే జీతం అందుతున్నదా? పెళ్ళి సంబంధాల దగ్గర, కమిటీల ఎన్నికల దగ్గర దూదేకులవారిని, మెహతర్లను చిన్నచూపు చూడటం లేదా? బానిసత్వం నుంచి విముక్తుడైన బిలాల్‌ చేత మొదటి అజాన్ ఇప్పించిన ధర్మం మనది. మనం తూచే తూకంలో మోసం ఉంటే, ఎదుటివాడి తూకాన్ని ఏ నోటితో ప్రశ్నిస్తాం?

కనుక ఒక్క కోరిక. ప్రతి మసీదు దగ్గర, ప్రతి ఆదివారం జొహర్ నమాజు తరువాత రెండు గంటలసేపు ఒక బల్ల వేయండి. చదువుకున్న అబ్బాయి ఒకరు, అమ్మాయి ఒకరు కూర్చోవాలి. దరఖాస్తులు, అప్పీళ్ళు, ఓటరు ఫారాలు రాసిపెట్టాలి. వచ్చినవారి మతమూ కులమూ అడగకూడదు. దీనికి పెద్ద చందాలు అక్కరలేదు, నాలుగు దస్తాల కాగితం చాలు. ఇన్షా అల్లాహ్, వచ్చే వార్షిక సభలో ఆ బల్ల దగ్గర ఎన్ని దరఖాస్తులు రాశామో, వాటిలో ఎన్నింటికి జవాబు వచ్చిందో ఆ లెక్క కూడా కార్యదర్శిగారు చదవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.

ఖుదా హాఫిజ్.