కలం ఎవరి చేతిలో ఉంటే లెక్క వాళ్ళదే

చిన్న మంగళారం వాడలో ఈ పొద్దు లెక్కల ముచ్చట మాట్లాడుకుందాం.

పందొమ్మిదో శతాబ్దంలో, నిజాం ఏలుబడిలో, సావుకారి ఖాతా రాసేటోడు. కింద మన తాతలు నిశానీ పెట్టిన్రు. నాగుకు గింజలు తెస్తే ఒకటికి ఒకటిన్నర కొలిచిన్రు. బాకీ తీరక భగేలాలుగా కుదిరిన్రు. అప్పు ప్రతి పైసా ఖాతాకెక్కింది. చేసిన చాకిరి మాత్రం జమ కాలేదు. తండ్రి బాకీ కొడుకు మెడకు పడ్డది.

1936లో భగేలా ఒప్పందాల మీద నిజాం సర్కారు చట్టం చేసింది. 1976లో వెట్టి రద్దు చట్టం వచ్చింది. చట్టాలు వచ్చినా చదివేటోళ్ళు మనలో ఎందరు? అందుకే భాగ్యరెడ్డి వర్మ 1910లోనే హైదరాబాదులో మన పిల్లలకు బడి పెట్టిండు.

ఇంటింటికో నోటుబుక్కు పెడదాం. కూలి రాద్దాం, అప్పు రాద్దాం, కట్టింది రాద్దాం. రశీదు లేనిది పైస ఇయ్యొద్దు. చదవంది వేలు పెట్టొద్దు.

జై భీమ్!